యంత్రానికి కులం లేదు, మరి పద్దు ఎవరి చేతిలో ఉంది?

కోరుట్లలో మేం పాఠాలు చెప్పే బడి వెనక వాడలో ఒక తల్లి ఉంది. చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడుతుంది. పెనిమిటి మస్కట్‌లో ఉన్నడు. బిడ్డ ఇంటర్ ఎంపీసీ. ఎంసెట్ ముంగట ఆ తల్లి మమ్మల్ని అడిగింది: "సారూ, కంప్యూటర్ల రాసుడంటే ఏంది? పెన్ను పనికి రాదా?" చిత్తు లెక్కలకే పెన్ను, జవాబు మాత్రం మౌసుతో నొక్కుడే అని చెప్పి నవ్వినం.

నవ్వకుంటే బాగుండేది. ఆ పిల్ల రెండేళ్లు గైడ్లు ముందేసుకుని కాగితం మీదనే లెక్కలు చేసింది. మౌసు చేతిలోకి వచ్చింది పరీక్ష గదిలోనే. జవాబు ఎంచుకునేది, పక్కనున్న అంకె నొక్కి తర్వాతి ప్రశ్నకు పోయేది. అట్ల పోతే జవాబు నమోదు కాదని, 'సేవ్ అండ్ నెక్స్ట్' అనే మీట నొక్కితేనే లెక్కలోకి వస్తదని తెరమీద సూచనల్లో రాసే ఉంది. గాభరాలో ఆ సూచనలన్నీ చదివేదెవరు? తర్వాత రెస్పాన్స్ షీటు తీసి చూస్తే, తాను చేసిన లెక్కలు వరుసబెట్టి 'జవాబు ఇవ్వలేదు' అని ఉన్నయి. ఆ పిల్లకు లెక్కలు రాక కాదు, నొక్కుడు రాక ర్యాంకు పోయింది.

ఈ తప్పు ఎవరిది? ఆ పిల్లదా? బీడీలు చుట్టే తల్లిదా? కంప్యూటర్‌దా? లేక ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా ఒక్కనాడు ఆ తెర ముందు కూర్చోబెట్టని మా పంతుళ్లదా? మాది కూడా ఉందని ఒప్పుకునే ఈ మాట మొదలుపెడుతున్నాం.

ముందుగా ఒక సంగతి తేల్చి చెప్పాలి. మేము కంప్యూటర్‌కు వ్యతిరేకులం కాదు. మన పిల్లలను కంప్యూటర్ నుంచి దూరంగా పెట్టాలనుకునే వాళ్లే "పాత పద్ధతే మంచిది" అని పాట పాడుతున్నారు. పాత పద్ధతి ఎంత మంచిదో మాకు తెలుసు. మా ఇండ్లల్ల డిగ్రీ చదివిన మొదటి తరం మేము. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ముందు ఇంటిపేరు అడిగేవాడు, తర్వాత ఊరు అడిగేవాడు, ఊళ్లో ఏ దిక్కు అని అడిగేవాడు. ప్రశ్న అడిగేది ఆ తర్వాత. ఇంటర్ సైన్సులో ఒక్కో ప్రాక్టికల్‌కు 30 మార్కులు. వైవాలు, ఇంటర్వ్యూలు, అంతర్గత మార్కులు ఇవన్నీ మొఖం చూసి బొట్టు పెట్టే పనులే. చేతితో వేసే మార్కుకు కులం కనబడుతుంది.

యంత్రానికి అది కనబడదు. జవాబు పత్రం మీద పేరున్న భాగాన్ని వేరుచేసి, కోడు నంబరు వేసి, దిద్దేవాడికి ఎవరిదో తెలియకుండా చేసే పద్ధతి వచ్చినప్పుడు లోలోపల ఎక్కువ సంతోషపడ్డది మనోళ్లే. వేరే దేశాల్లో ఇది పరీక్ష రహస్యం కోసం కావచ్చు. మన దేశంలో అది కులం మీద కప్పిన పరదా కూడా. అందుకే అంటున్నాం, యంత్రానికి కులం లేదు. అది మనకు మేలే.

కానీ యంత్రం గాలిలో నడవదు. దాన్ని ఒకరు కొంటరు, ఒకరు నడుపుతరు, పాస్‌వర్డ్ ఒకరి దగ్గర ఉంటది. టెండరు ఒకరు వేస్తరు, ఇంకొకరు ఖరారు చేస్తరు. అది తప్పు చేసినప్పుడు జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూడా ఒకరు ఉంటరు. ఆ కుర్చీల దగ్గర కులమూ ఉంది, వర్గమూ ఉంది, పైసా ఉంది.

ఇది మనకు కొత్త కథ కాదు. మన తాతలు దొరల దగ్గర జీతం ఉన్న కాలంలో గడీలో ఒక పద్దు పుస్తకం ఉండేది. తాత తెచ్చుకున్నది పుట్టెడు వడ్లు అయితే పుస్తకంలో ఎంత రాసిండ్రో తాతకు తెలియదు. మిత్తి ఎట్ల కట్టిండ్రో తెలియదు. చదువు రాదు కాబట్టి వేలిముద్ర వేసేవాడు, కొడుకు కూడా అదే పద్దు కింద జీతానికి పోయేవాడు. పుస్తకం తప్పు రాయదు అని దొర అనేవాడు. నిజమే, రాసింది పుస్తకం కాదు కదా!

ఆ పద్దు చూపమని అడిగిన నేల ఇది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టి చేయమని, లెక్క చెప్పమని కూలీ జనం తలెత్తి నడిచారు. అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. లెక్క అడిగితే కల్లోలమట! అప్పటికి మాలో చాలామందిమి పుట్టనే లేదు. ఆ యాత్రలో నడిచినోళ్ల మనవళ్లే ఇప్పుడు మా తరగతుల్లో కూర్చున్నారు. వాళ్ల బతుకు పద్దు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంది.

పరీక్షలు కంప్యూటర్ మీదికి ఎందుకు ఎక్కినయి? కాగితం లీకైంది గనుక. 2016లో మెడికల్ సీట్ల కోసం పెట్టిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం ఢిల్లీలోని ప్రింటింగ్ ప్రెస్సు నుంచి బయటికి పోయింది. పరీక్ష రద్దయింది, పిల్లలు మూడోసారి రాయాల్సి వచ్చింది. అమ్ముడుపోయిన పేపరు కొన్నది ఎవరు? లక్షలు పెట్టగలిగినోళ్లు. మాదిగవాడల, మాలవాడల కొనగలిగినోడు ఎవడున్నడు? 2018 నుంచి తెలంగాణలో ఎంసెట్ కంప్యూటర్ మీద పెడుతున్నారు. 2019 నుంచి జేఈఈ మెయిన్ కూడా మొత్తం అదే దారి పట్టింది. 2024లో టెట్, తర్వాత డీఎస్సీ, ఇప్పుడు పేరు మారి ఎప్‌సెట్ అయిన ఎంసెట్, అన్నీ తెర మీదనే. 2023 నుంచి ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీ కూడా తీసేశారు. ఇంజనీరింగ్ సీటంటే ఇక 3 గంటలు, 160 ప్రశ్నలు, ఒక తెర, ఒక మౌసు. రెండేళ్ల చదువు ఆ చిన్న సందులోంచే బయటికి రావాలె.

లీకు ఆగిందా అంటే, తాళం మారింది అంతే. 2023 మార్చిలో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోంచే ప్రశ్నపత్రాలు పోయినయి. లోపలి మనుషులే తీసినట్టు పోలీసులు కేసు పెట్టారు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో దాన్నీ హైకోర్టు రద్దు చేసింది. పేపరు దొంగలకు కంప్యూటర్ అడ్డం కాలేదు. ఎవరు అడ్డమయ్యారు? ఎవరూ కాలేదు. అశోక్‌నగర్ గదుల్లో అప్పు చేసి చదువుకుంటున్న మన పిల్లల వయసు మాత్రం కరిగిపోయింది.

కాగితం మీద రాసినా కంప్యూటర్ ఎట్ల ముంచగలదో 2019 ఇంటర్ ఫలితాలు చూపించినయి. ఏప్రిల్ 18న ఫలితాలు వచ్చినయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాసిన పరీక్షలవి. రాసిన పిల్లలకు 'గైర్హాజరు' అని వచ్చింది. మొదటి సంవత్సరం మంచి మార్కులతో పాసైన పిల్లలు రెండో సంవత్సరం ఫెయిలయ్యారు. ఒక ఆడపిల్లకు తెలుగులో సున్నా వేశారు. మళ్లీ తీసి చూస్తే ఆ పిల్లకు వచ్చింది 99. దిద్దినోళ్లు ఓఎంఆర్ కాగితం మీద 99 వృత్తాలు నింపాల్సిన చోట 00 నింపితే, యంత్రం సున్నా అనే చదివింది. అన్ని సబ్జెక్టుల్లో మంచి మార్కులు వచ్చిన పిల్లకు ఒక్క తెలుగులో సున్నా ఎట్ల వస్తదని మనిషికైతే అనుమానం వచ్చేది. ఆ అనుమానం యంత్రానికి నేర్పనిది ఎవరు?

ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మా చెయ్యి వణుకుతుంది. తల్లిదండ్రులు బోర్డు గేటు ముందు కూర్చుంటే పోలీసులు ఎత్తుకపోయారు. సర్కారు ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. బోర్డు పనిలోనూ, ఫలితాల సాఫ్ట్‌వేరు నడిపిన ప్రైవేటు సంస్థ గ్లోబరీనా పనిలోనూ లోపాలున్నట్టు తేలింది. పాత పద్ధతిని పక్కన నడిపి, రెండు లెక్కలు సరిచూసుకుని మారాలన్న కనీస జాగ్రత్త కూడా తీసుకోలేదు. ఫెయిలైన మూడు లక్షలకు పైగా పిల్లల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ చూస్తే, వెయ్యికి పైగా పిల్లలు పాసయ్యారు. ఆ వెయ్యి మందినీ కాసేపు కండ్ల ముందు నిలబెట్టుకోండి. వాళ్లు పాసైన పిల్లలు. ఫెయిలని చెప్పింది లెక్క. ఆఖరికి జరిమానా ఎవరికి పడింది? సున్నా నింపిన ఒక చిరుద్యోగి టీచరుకు. సస్పెన్షన్? సరిచూడాల్సిన ఒక లెక్చరరుకు. యంత్రాన్ని కొన్నోళ్లు, పరీక్షించకుండా లక్షల పిల్లల మీద వదిలినోళ్లు కుర్చీల్లోనే ఉన్నారు. గడీలో కూడా ఇంతే కదా, తప్పు ఎప్పుడూ జీతగానిదే.

పిల్లలకు ఈ సందర్భంలోనే ఒక మాట. 1907లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మెట్రిక్ పాసైనప్పుడు ఆయనకు వచ్చింది 750కి 282 మార్కులు. ఆ మార్కులతో తూచి పక్కన పెడితే ఈ దేశానికి రాజ్యాంగ రచయిత ఉండేవాడా? ఒక యంత్రం, ఒక బోర్డు, ఒక ర్యాంకు మిమ్మల్ని తూచలేవు. తప్పు లెక్క వస్తే లెక్క అడగాలె, ప్రాణం ఇవ్వొద్దు బిడ్డలారా. మీ వెనుక మేమున్నాం.

లెక్క అడిగితే ఏమవుతదో బయటి దేశం చూడండి. 2020లో కరోనా వల్ల ఇంగ్లండులో పరీక్షలు జరగలేదు. పంతుళ్లు వేసిన అంచనా గ్రేడ్లను కంప్యూటర్ సూత్రంతో సవరించారు. గతంలో ఆ బడి ఫలితాలు ఎట్లున్నయో చూసి పిల్లల గ్రేడు తేల్చారు. అంటే ఊరి చివరి బడిలో చదివినందుకు తెలివైన పిల్లకు కూడా కోత పడింది. తక్కువ మంది పిల్లలుండే తరగతులకు, అవి ఎక్కువగా ప్రైవేటు బడుల్లోనే ఉంటాయి, పంతుళ్లు వేసిన గ్రేడ్లే నిలిచినయి. దాదాపు 40 శాతం గ్రేడ్లు పంతుళ్లు వేసినదానికన్నా తగ్గినయి. ఆగస్టు 13న ఫలితాలు వచ్చినయి, పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు, 17న సర్కారు ఆ లెక్కను వెనక్కి తీసుకుంది. నాలుగు రోజులు! నీ తాత బడి ఎట్లుండెనో చూసి నీ గ్రేడు వేసుడంటే మనకు తెలిసిన మాటలో దాన్ని ఏమంటరు? పుట్టుకను బట్టి తూచుడు. అది మనువు నోటి నుంచి వచ్చినా, కంప్యూటర్ నోటి నుంచి వచ్చినా ఒకటే.

మా దగ్గర కొందరు పెద్దమనుషులు వాదిస్తరు: "తెలివి ఉన్నోడు ఎట్లయినా నేర్చుకుంటడు. మౌసు నొక్కుడు కూడా ఒక విద్యనా?" ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు అది విద్య కాదు. 2017-18లో జాతీయ నమూనా సర్వే చేసిన లెక్క ప్రకారం దేశంలో పట్నాల్లో 23.4 శాతం ఇండ్లల్ల కంప్యూటర్ ఉంటే, పల్లెల్లో 4.4 శాతం ఇండ్లల్లనే ఉంది. ఆ 4.4లో ఊరి నడుమ ఇండ్లు ఎన్ని, వాడలో ఇండ్లు ఎన్ని? మీరే మీ ఊరు లెక్కబెట్టి చూడండి. సిరిసిల్లలో పగలంతా సాంచెల చప్పుడు మధ్య, మరమగ్గాల షెడ్డు పక్క కిరాయి అర్రలో చదువుకునే పిల్లకు చేతిలో ఉన్నది పగిలిన తెర ఫోను ఒక్కటే. ఫోను మీద వేలితో గీకుడు వేరు, మూడు గంటలు నిటారుగా కూర్చుని తెర మీది ప్రశ్న చదివి, కింద కాగితం మీద లెక్క చేసి, మళ్లీ తెర మీద నొక్కుడు వేరు.

ఇది తెలివికి సంబంధించింది కాదు, అలవాటుకు సంబంధించింది అనడానికి రుజువు ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 2015, 2016 సంవత్సరాల్లో కొన్ని బడుల్లో ఒక పరీక్షను కాగితం మీద, కొన్ని బడుల్లో కంప్యూటర్ మీద పెట్టారు. పరిశోధకులు రెంటినీ పోల్చారు. కంప్యూటర్ మీద రాసినోళ్లకు మొదటి ఏడు మార్కులు తగ్గినయి. భాషా పరీక్షలో అప్పటికే వెనుకబడి ఉన్న పిల్లలకు, ఇంగ్లీషు ఇంటి భాష కాని పిల్లలకు దెబ్బ ఎక్కువ తగిలింది. రెండో ఏడు వచ్చేసరికి ఆ తేడా లెక్కల్లో మూడో వంతుకు, భాషలో సగానికి దిగింది. ఒక్క ఏడాది అలవాటుతో! కంప్యూటర్లు నిండిన అమెరికాలోనే అట్లుంటే, ఒక్క రోజు కూడా అలవాటు లేని మన పిల్ల ఎంత పోగొట్టుకుంటుందో ఆలోచించండి. అట్లనే ఒక్క ఏడాది అలవాటు చేస్తే ఎంత తిరిగి తెచ్చుకోవచ్చో కూడా ఆలోచించండి.

మరి బడుల్లో కంప్యూటర్లు రాలేదా? వచ్చినయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు ఐదేళ్ల కాంట్రాక్టు మీద కంప్యూటర్లు పెట్టారు. తక్కువ జీతాలకు కంప్యూటర్ టీచర్లను పెట్టారు. 2013లో కాంట్రాక్టు ముగిసింది, టీచర్లు ఇంటికి పోయారు, గదులకు తాళాలు పడ్డయి. మేం ఆ తాళంచెవులు పట్టుకుని తిరిగినోళ్లమే. మానిటర్ల మీద దుమ్ము దులిపి జెండా పండుగనాడు చూపించుడు, మళ్లీ గుడ్డ కప్పుడు. నేర్పే మనిషిని తీసేసి యంత్రాన్ని ఉంచితే అది చదువు కాదు, సామాను. ఆ తర్వాత ఐదేళ్లకే పరీక్ష మాత్రం కంప్యూటర్ మీదికి ఎక్కింది. నిచ్చెన తీసేసి అటక మీద అన్నం పెట్టినట్టు!

ఇప్పుడు ఇది మా మెడకు కూడా చుట్టుకుంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: టెట్ లేకుండా చేరి, రిటైర్ కావడానికి ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పంతుళ్లు రెండేళ్లలో టెట్ పాసు కావాలె. ఆ టెట్ ఉండేది తెర మీదనే. ఇరవై ఏళ్లు సుద్దముక్క పట్టిన చేతులు ఇప్పుడు మౌసు పట్టుకుని గజగజ వణుకుతున్నయి. మా స్టాఫ్ రూములో ఒక పెద్దసారు తన పదో తరగతి విద్యార్థిని దగ్గర కూర్చుని 'సేవ్ అండ్ నెక్స్ట్' నేర్చుకుంటున్నడు. మా చేతులు వణికినప్పుడు గాని ఆ బీడీల తల్లి ప్రశ్న మాకు అర్థం కాలేదు. ఇది రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

కేంద్రాల సంగతి వేరే చెప్పాలె. కాగితం పరీక్ష అయితే ఊరి హైస్కూల్లో బెంచీలు సరిపోతయి. కంప్యూటర్ పరీక్షకు వందల కంప్యూటర్లు ఉన్న కాలేజీ కావాలె, అది ఎక్కువగా ఊరి బయట ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అయి ఉంటది. కోరుట్ల పిల్లకు కరీంనగర్‌లో పొద్దుటి పరీక్ష పడితే ఇంట్లో నుంచి చీకటితోనే లేవాలె. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూతే. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లకు బస్సు టికెట్ లేదు, సంతోషం. వెంటవచ్చే బాపుకు టికెట్ ఉంది, ఆనాటి కూలీ పోవుడు ఉంది. ఇవన్నీ ర్యాంకు కార్డు మీద కనబడయి.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి:

1. కంప్యూటర్ మీద పరీక్ష పెట్టే ముందు ప్రతి ప్రభుత్వ హైస్కూలు, జూనియర్ కాలేజీ, సంక్షేమ హాస్టల్‌లో ఒక ఏడాది పాటు కంప్యూటర్ మీద అభ్యాస పరీక్షలు పెట్టాలె. నేర్పడానికి పర్మినెంటు టీచరు ఉండాలె.

2. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు తమ జిల్లాలోనే, వీలైనంత వరకు ప్రభుత్వ కాలేజీల్లోనే కేంద్రాలు ఇవ్వాలె. జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలు రెండు జిల్లాల్లోనూ ఉన్నయి. హాల్‌టికెట్ చూపితే తల్లికో తండ్రికో బస్సు ఉచితం చేయాలె.

3. ఒక్కో పూట ఒక్కో పేపరు పెట్టి, తర్వాత మార్కులు సమం చేసే లెక్కను తెలుగులో, ఉదాహరణతో ముందే అచ్చువేసి పంచాలె. తన మార్కు ఎట్ల వచ్చిందో పిల్లకు తెలియాలె.

4. ఫలితాల లెక్కను రెండు వేర్వేరు చోట్ల చేసి, రెండూ కలిసినాకనే విడుదల చేయాలె. దిద్దిన జవాబు పత్రం నకలు ప్రతి పిల్లకూ ఉచితంగా ఇవ్వాలె.

5. జవాబు 'కీ' మీద అభ్యంతరం చెప్పడానికి పైసలు వసూలు చేయొద్దు. జేఈఈలో ఒక్కో ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలట. న్యాయం అడగడానికి రెండు రోజుల బీడీల కూలీనా?

6. తప్పు జరిగితే కింది టీచరును కాదు, కాంట్రాక్టు ఇచ్చిన పెద్దలను ముందు నిలబెట్టాలె.

అడిగి ఊరుకుంటే సర్కారు వినదు. మన చేతిలో ఉన్న పని మనం చేయాలె. 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద రాసిన వాడికి ఉంది. దరఖాస్తుకు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నోళ్లకు అదీ లేదు. అనుమానం ఉన్న ప్రతి పిల్ల చేతా దరఖాస్తు రాయిద్దాం. మూడు పట్టణాల్లోని అంబేడ్కర్ సంఘాలు, ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు తమ పాత కంప్యూటర్లను సంఘం గదికి ఇవ్వండి. నాలుగు చాలు. ఆదివారాలు మేం వచ్చి కూర్చుంటం. సాంచెల కాడి పిల్లలు, బీడీల కాడి పిల్లలు, గల్ఫ్ ఇండ్ల పిల్లలు పరీక్ష ముందు పదిసార్లు ఆ తెర ముందు కూర్చోవాలె. పదకొండోసారి అసలు పరీక్ష కావాలె.

తాత వేలిముద్ర వేసి వచ్చిండు, లోపల ఏం రాసిండ్రో చూడలేదు. బాపు సంతకం నేర్చిండు, పద్దు చదవగలిగిండు. బిడ్డ పద్దు రాసే యంత్రాన్నే నడపాలె. అప్పటిదాకా ప్రతి ఫలితం వెనుకా మనం ఒకటే మాట అడుగుదాం: లెక్క చూపండి.

జై భీమ్!